షోకేసు దిగిన పింగాణీ



మొదట ఒక చప్పుడు వినండి. మైకు దగ్గర ఒక చిన్న గిన్నె పెట్టుకున్నాను. దాని అంచును వేలిగోటితో మీటుతున్నాను.

(గిన్నె మోగిన చప్పుడు)

ఇది చేత్తో చేసిన పింగాణీ గిన్నె. న్యూజిలాండ్‌లో నేనుండే టౌరంగాలో ఒక కుమ్మరి చేశారు. అరచేతిలో ఇమిడిపోయేంత గిన్నె, అయినా ఎంతసేపు మోగిందో చూశారా? ఇప్పుడు ఎర్రమట్టి ముంతను కొడతాను.

(ముంత చప్పుడు)

దీని గొంతు వేరు. మొదలైన చోటే ఆగిపోయింది. ముంత గోడలో మట్టి రేణువుల మధ్య సన్నని సందులుంటాయి. వేసవిలో కుండనీళ్లు చల్లబడేది ఆ సందుల్లోంచి చెమ్మ బయటికి వచ్చి ఆవిరవడం వల్లనే. కుండ చేయాల్సిన పని అదే కాబట్టి ఆ సందులు ఉండి తీరాలి. పింగాణీలో అవి ఉండవు. మట్టిలో కలిపిన ఫెల్డ్‌స్పార్ అనే రాతిపొడి బట్టీలో 1,280 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కరిగి, గాజై, ప్రతి సందులోకీ పారుతుంది. ఆ గాజు లోపల ముల్లైట్ అనే సూది ఆకారపు స్ఫటికాలు ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. మీరు ఇందాక విన్నది ఆ అల్లిక బిగువే. మన సంతల్లో కుండ కొనేటప్పుడు ఆడవాళ్లు వేలు మడిచి కొట్టి చూస్తారు. బీట ఉంటే చెవికి వెంటనే తెలిసిపోతుంది. టౌరంగా కుమ్మరులు కూడా బట్టీ దించిన ప్రతి పాత్రనూ అలాగే కొట్టి చూస్తారు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది వంటింటి పింగాణీ గురించి. గోడకు వేలాడదీసేది, అద్దాల బీరువాలో బొమ్మల పక్కన పెట్టేది కాదు. పప్పు వడ్డించే గిన్నె, పాలు పోసుకునే జగ్గు, ఉప్పు వేసుకునే మూత డబ్బా, ఊరగాయ జాడీ. చేసేవాళ్ల నేర్పంతా ఇలాంటివాటిలోనే బయటపడుతుందని నా గట్టి నమ్మకం. వాడనిదే ఆ నేర్పు మన కంటబడదు.

టౌరంగా ఉత్తర దీవిలో, బే ఆఫ్ ప్లెంటీ తీరాన ఉంది. దేశంలోకెల్లా పెద్ద రేవు ఇక్కడిదే. రేవు ముఖాన మౌఆవో కొండ, 232 మీటర్ల ఎత్తు. ఊరు దాటితే కివీ తోటలు. ఆ తోటల పనికి, వ్యాపారానికి వచ్చి స్థిరపడిన పంజాబీలు చాలామంది ఉన్నారు. మావంటి తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. 17వ అవెన్యూలో హిస్టారిక్ విలేజ్ అని ఒక చోటుంది. అక్కడి పాతకాలపు ఇళ్లలో ఇప్పుడు చేతిపనులవాళ్లూ చిత్రకారులూ పనిచేసుకుంటున్నారు. కుమ్మరంలో ఉన్నవాళ్లు చాలామంది ఇంటి వెనక షెడ్డులోనో గ్యారేజీలోనో ఒక సారె, ఒక కరెంటు బట్టీ పెట్టుకుంటారు. మన సారె కర్రతో తిప్పేది, ఇక్కడిది మోటారుతో తిరిగేది. అంతకుమించి పనిలో పెద్ద తేడా లేదు.

ఈ ఊరి నేల కథ చెప్పకుండా ముందుకు పోలేను. టౌరంగా చుట్టుపక్కల నేలంతా పాత అగ్నిపర్వతాలు ఎగజిమ్మిన బూడిద. వేల ఏళ్లు వానకు నాని నాని ఆ బూడిద హాలోయ్‌సైట్ అనే మట్టిగా మారింది. ఇది నీటిని పట్టి ఉంచుకునే మట్టి. కదిలిస్తే ఒక్కసారిగా పట్టు వదిలేస్తుంది. ఊరికి వాయవ్యాన ఉన్న ఓమొకొరోవాలో 1979 ఆగస్టులో సముద్రపు గట్టు విరిగిపడింది. ఆ మట్టి ఎందుకలా జారుతుందో వైకాటో విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్ల తరబడి పరిశోధించారు. సూక్ష్మదర్శినిలో చూస్తే దాని రేణువులు కొన్ని పుట్టగొడుగు గొడుగు ఆకారంలో ఉన్నాయట.

ఇదే హాలోయ్‌సైట్ ఆక్లాండ్ దాటి ఇంకా ఉత్తరానికి వెళితే, మటౌరి బే దగ్గర, మరో రూపంలో దొరుకుతుంది. అక్కడ అది రయొలైట్ రాయి కుళ్లిపోగా పుట్టిన మట్టి. ఇనుము, టైటానియం అతి తక్కువ. మట్టిని కాల్చినప్పుడు రంగు తెచ్చేవి ముఖ్యంగా ఆ రెండే. అవి లేకపోబట్టి అది తెల్లగా కాలుతుంది, పలచగా చేస్తే వెలుతురు లోంచి కనిపిస్తుంది. 1960ల చివరి నుంచి ఆ మట్టిని తవ్వి, శుద్ధి చేసి విదేశాల్లోని పింగాణీ కర్మాగారాలకు ఎగుమతి చేస్తూ వచ్చారు. ప్రపంచంలో అతి తెల్లని పింగాణీ మట్టుల్లో దానికి పేరుంది. టౌరంగా బూడిదమట్టిలో ఇనుమూ మాంగనీసూ మరకలై ఉంటాయి కాబట్టి అది పింగాణీకి పనికిరాదు. ఒకే జాతి మట్టి ఒకచోట గట్టును కూలుస్తోంది, ఇంకోచోట టీ కప్పవుతోంది. రెంటికీ మధ్య తేడా అంతా రాయి పుట్టుకలోనూ, అందులో కలిసిన పిడికెడు లోహంలోనూ ఉంది.

ఇక పని దగ్గరికి వద్దాం. పింగాణీ మట్టి చేతికి వెన్నపూసలా తగులుతుంది. ఆ మెత్తదనమే దానితో చిక్కు. ఎర్రమట్టి సారె మీద నిలబడి, లాగిన చోటికి వస్తుంది. పింగాణీ మట్టి కాస్త నీరెక్కువైతే కూలబడుతుంది, కాస్త ఆరితే అంచు చిట్లుతుంది. పైగా దానికి జ్ఞాపకం ఎక్కువ అంటారు కుమ్మరులు. సారె మీంచి తీసేటప్పుడు గిన్నె ఒక పక్కకు వంగిందనుకోండి. వేళ్లతో సరిచేస్తారు, గుండ్రంగా కనిపిస్తుంది, ఆరుతుంది. తీరా బట్టీలో పూర్తి వేడికి చేరాక మళ్లీ అదే పక్కకు వంగుతుంది. అందుకే మొదటిసారే సరిగ్గా తీయాలి.

కుంచించుకుపోవడం ఇంకో సంగతి. తడి మట్టి నుంచి కాలిన పాత్ర దాకా కొలత 12 నుంచి 15 శాతం తగ్గుతుంది. ఈ లెక్క పైకి చిన్నదిగా అనిపిస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 14 శాతం తగ్గితే లోపల పట్టే సరుకు మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. మూడు లీటర్ల జాడీ కావాలంటే సారె మీద దాదాపు నాలుగు లీటర్ల ఏడువందల మిల్లీలీటర్లు పట్టేదాన్ని లాగాలి. అంత పెద్దది, అంత మెత్తని మట్టితో. ఆ పని చూస్తూ నిలబడితే నాకు మన కుమ్మరులు గుర్తొస్తారు. పెళ్లికుండలు, ధాన్యపు బానలు కంటి కొలతతో లాగిన చేతులు అవి. ఏ కొలబద్దా ఉండేది కాదు.

సారె మీంచి దించాక నెమ్మదిగా ఆరబెడతారు. ఒక పక్క ఎండ తగిలి, ఇంకో పక్క తడిగా ఉంటే పగులుతుంది. కాస్త గట్టిపడ్డాక తలకిందులుగా సారె మీద పెట్టి అడుగు చెక్కుతారు. ఆ తర్వాత 1,000 డిగ్రీల దగ్గర ఒక కాల్పు, గాజుపూత పూసి రెండో కాల్పు. రెండోదే అసలు పరీక్ష. కాలేటప్పుడు పింగాణీ మెత్తబడుతుంది కాబట్టి గోడలు సమంగా లేకపోతే అక్కడే కుంగుతుంది.

వాడేవాళ్లకు ఈ కష్టమంతా కనిపించదు, కనిపించనక్కర్లేదు కూడా. వాళ్లకు తెలియాల్సినవి మూతి, అడుగు, చెవి, మూత. పాలజగ్గు మూతిని చూడండి. పోయడం ఆపగానే ఆఖరి చుక్క గోడ వెంట జారిందంటే ఆ జగ్గు ఓడిపోయినట్లే, దాని మీద ఎంత అందమైన పూలు గీసినా సరే. చుక్క తెగాలంటే మూతి చివర పలచగా, పదునుగా ఉండాలి. మరీ పదునైతే అంచు ఊడుతుంది. ఆ రెంటి మధ్యా వెంట్రుకవాసి చోటుంటుంది, కుమ్మరి వేలు అక్కడ ఆగాలి. టీ కప్పు అంచు పెదవికి తగిలే చోట బయటికి ఒక్క పిసరు వాలి ఉంటే టీ సాఫీగా నాలుక మీదికి వస్తుంది. గిన్నె అడుగున పూత లేని వలయం ఉంటుంది. దాన్ని నున్నగా రుద్దకపోతే బల్ల మీద గీతలు పడతాయి. ఉప్పు డబ్బా మూత తడిచేత్తో కూడా జారకుండా పట్టుకోవడానికి వీలుగా ఉండాలి. వంట చేసే చెయ్యి ఎప్పుడూ తడిగానే ఉంటుంది కదా! బొడిపె నున్నగా, గుండ్రంగా ఉంటే చూడ్డానికి బాగుంటుంది, పొయ్యి దగ్గర జారి పడుతుంది. మంచి కుమ్మరి ఆ బొడిపె కింద వేలికొసలకు చిన్న నొక్కు పెడతారు. నాకు తెలిసి ఈ కళలో అందం అంటే ఆ నొక్కు.

ఈ దేశానికి కుమ్మరం ఆలస్యంగా వచ్చింది. మావోరీల పూర్వీకులైన పసిఫిక్ నావికులు మూడు వేల ఏళ్ల కిందట లాపిటా అనే రకం కుండలు చేసినవాళ్లే. పాలినేషియాలో ఆ విద్య కాలక్రమాన ఆగిపోయింది. న్యూజిలాండ్ చేరేనాటికి వాళ్లకు కుండ లేదు. అయితే వంటింటి పాత్ర కళ కాకపోలేదు. తహా హువాహువా అని ఒక పాత్ర ఉంది. పెద్ద సొరకాయ బుర్ర, దాని మూతికి నగిషీ చెక్కిన కర్ర కంఠం, పక్షి ఈకల అలంకారం. లోపల ఏముండేదో తెలుసా? పక్షుల మాంసాన్ని వండి, ఆ కొవ్వులోనే ముంచి, నెలల తరబడి నిలవ ఉంచేవారు. గాలి తగలకుండా కొవ్వుతో కప్పి తిండిని కాపాడటం, ఆ పాత్రను ఘనమైన అతిథుల ముందు ఠీవిగా నిలబెట్టడం. నూనె తేలిన ఆవకాయ జాడీ తెలిసినవాళ్లకు ఇది వేరే లోకపు సంగతి అనిపించదు. 1987లో మావోరీ మట్టి కళాకారులు న్గా కైహంగా ఉకు అనే బృందంగా ఏర్పడి, తమ చెక్కడపు సంప్రదాయాన్ని మట్టిలోకి తెచ్చారు. వారి పని ఇప్పుడు మ్యూజియంలలో ఉంది.

వలస వచ్చిన ఇంగ్లీషువాళ్లు తమ కప్పులూ సాసర్లూ ఓడల్లో తెచ్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఓడలు రాకపోయేసరికి ఆక్లాండ్ శివారు న్యూ లిన్‌లో ఇటుకలూ గొట్టాలూ చేసే కంపెనీయే కప్పులు మొదలుపెట్టింది. అదే తర్వాత క్రౌన్ లిన్ అయింది. రైల్వే స్టేషన్లలో టీ పోసిన వాళ్ల మందపాటి తెల్ల కప్పును ఈ దేశంలో పెద్దవాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు. హైదరాబాదు ఇరానీ హోటల్లో మనం పట్టుకున్న కప్పుకు అది స్వయానా చుట్టం. మందమైన గోడ, బరువైన అడుగు, రోజుకు వందసార్లు కడిగినా చలించని తత్వం. దిగుమతుల మీద ఆంక్షలు ఉన్నన్నాళ్లు క్రౌన్ లిన్ బతికింది. ఇళ్ల దగ్గర కుండలు చేసుకునేవాళ్లకూ అదే మంచి కాలం. బ్రిటిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ 1940లో రాసిన కుమ్మరం పుస్తకం వాళ్లందరి చేతుల్లో ఉండేది. జపాన్ మహా కుమ్మరి షోజి హమడా 1965లో క్రైస్ట్‌చర్చ్ వచ్చి వాళ్ల ఎదుట పనిచేసి చూపించారు. 1980లలో ఆంక్షలు సడలాయి. చవక సామాను వచ్చిపడింది. 1989లో క్రౌన్ లిన్ మూతబడింది. కర్మాగారం పోయింది కానీ, షెడ్లలో సారెలు ఆగలేదు. ఇవాళ టౌరంగాలో పింగాణీ లాగుతున్నవాళ్లు ఆ వరుసలోవాళ్లే.

మన సంగతి? పింగాణీతో మన తీరానిది పాత స్నేహం. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఆ మోటుపల్లిలో తవ్వితే చైనా పింగాణీ పెంకులు దొరికాయి. నెల్లూరు తీరాన కొత్తపట్నంలో 13, 14 శతాబ్దాల చైనా పెంకులు ఇంకా ఎక్కువగా దొరికాయి. ఆ దగ్గర్లోనే గూడూరులో ఆధునిక కాలంలో ప్రభుత్వ సిరామిక్ ఫ్యాక్టరీ నడిచింది. ద్వారకా తిరుమల పరిసరాల్లో మంచి తెల్లమట్టి ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆకుపచ్చని సెలడాన్ పళ్లేలు చూసే ఉంటారు. విషం కలిసిన అన్నం పెడితే ఆ పళ్లెం పగులుతుందని, రంగు మారుతుందని నవాబులు నమ్మేవారు. ఆ నమ్మకం నిజం కాకపోయినా, వాటిలో అన్నం తిన్నారన్నది నిజం. ఈనాడు అద్దం వెనక కనిపించే పళ్లేల్లో చాలా ఒకనాడు భోజనాల దగ్గర తిరిగినవే.

మన మామూలు ఇళ్లలోకి పింగాణీ వచ్చిన దారి జాడీ. పైభాగం గోధుమరంగు, కింద మీగడరంగు. దాన్ని మనం పింగాణీ జాడీ అనే పిలుచుకుంటాం. నిజానికి అది చాలావరకు స్టోన్‌వేర్, అంటే గట్టిగా కాలిన బూడిదరంగు మట్టి మీద గాజుపూత. అయినా పని పింగాణీదే: సందు లేకపోవడం. ఆచారం గట్టిగా పాటించే ఇళ్లలో పింగాణీ పళ్లెంలో అన్నం తినేవారు కాదు, కాఫీ కప్పు కూడా వంటింటి గడప బయటే. జాడీని మాత్రం మడి గదిలో, ఎత్తైన అరుగు మీద, మూతికి వాసెన కట్టి కూర్చోబెట్టారు. మామిడి పులుపు, ఉప్పు, ఆవఘాటు మూడూ కలిస్తే ఇత్తడి చిలుమెక్కుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. ఏడాది పాటు వాటిని మోసి, తన రుచి ఒక్క పిసరైనా అందులో కలపని పాత్ర అదొక్కటే. ఆ కాలపు ఇల్లాళ్లు ఎవరి పాఠాలూ వినకుండానే తెలుసుకున్న రసాయనశాస్త్రం అది.

విదేశాల్లో మన ఆవకాయ ఇప్పుడు ఎక్కడ ఉంటోంది? పెరుగు అయిపోయిన ప్లాస్టిక్ డబ్బాలో. చేత్తో చేసిన గిన్నె ఎవరైనా బహుమతిగా ఇస్తే అది షోకేసులో. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. పగిలిపోతుందని భయం అంటారు. బాగా కాలిన పింగాణీ ఎర్రమట్టి కన్నా ఎంతో గట్టిది. దానికి సరిపడనిది హఠాత్తుగా మారే వేడి. ఫ్రిజ్‌లోంచి తీసి ఓవెన్‌లో పెట్టకండి, మంట మీద పెట్టకండి. అది తప్పితే రోజూ వాడండి, పిల్లల చేతికీ ఇవ్వండి.

నేను ఒక టౌరంగా కుమ్మరిని ఆవకాయ జాడీ చేసిపెట్టమని అడిగాను. ఆమెకు ఆవకాయ తెలియదు. ఉప్పు ఎంత, పులుపు ఎంత, నూనె ఎంత, ఎన్నాళ్లు ఉంటుంది అని అడిగి రాసుకున్నారు. పాత్రల పూతలోంచి సీసం, కాడ్మియం దిగుతాయేమో చూడటానికి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచుతారు. "మీ ఊరగాయ ఏడాది ఉంటుంది కాబట్టి నేను ఇంకా జాగ్రత్త పడాలి" అన్నారామె. ఆ మాటకు నాకు ఎంతో గౌరవం కలిగింది. లోపల రంగుల పూత ఏదీ వద్దని, పారదర్శకంగా నిగనిగలాడే పూతే వేశారు. రాగి కలిసిన పచ్చపూతల మీద పులుపు పనిచేస్తుందట. బయట పూత లేకుండా నున్నగా రుద్ది వదిలేద్దామన్నది ఆమె కోరిక. ఈ మధ్య ఇక్కడ అందరూ మెచ్చే పద్ధతి అది. మా ఇంట్లో పసుపు చేతులు దాన్ని తాకుతాయని చెప్పాను. కాసేపు ఆలోచించి, నడుము దాకా పూత, కింద మాత్రం వట్టి మట్టి అని తేల్చారు. చూస్తే అది మన పాత జాడీ రెండు రంగుల పద్ధతే. ఆమె మన జాడీని ఎన్నడూ చూడలేదు. అవసరం ఒకటైనప్పుడు ఆకారం కూడా దగ్గరకు వస్తుంది కాబోలు.

మీలో ఎవరైనా, ఏ దేశంలో ఉన్నా, మీ ఊరి కుమ్మరి దగ్గర ఇలాంటిది చేయించుకోవాలనుకుంటే కాగితం తీసుకుని రాసుకోండి. కాలిన తర్వాత మూడు లీటర్లు పట్టాలి. మూతి పిడికిలి దూరేంత, అంటే 11 సెంటీమీటర్లకు తగ్గకూడదు, లేకపోతే మూడో నాడు తిరగ కలపలేరు. మెడ కింద ఒక గాడి ఉండాలి, వాసెన తాడు జారకుండా. మూత లోపలి అంచు కనీసం ఒక సెంటీమీటరు కిందికి దిగాలి. లోపల మూలలు ఉండకూడదు, గరిటె వంపుకు సరిపడేలా అడుగు గుండ్రంగా తిరగాలి. లోపలి పూతలో జాలీలాంటి సన్నని గీతలు కనిపిస్తే ఆ జాడీ ఊరగాయకు వద్దు, పప్పుల నిలవకు వాడుకోండి. ఇంటికి తెచ్చాక ఉప్పునీళ్లు నింపి వారం రోజులు ఒక పాత వార్తాపత్రిక మీద ఉంచండి. కాగితం చెమ్మగిల్లినా, బయట గోడ మీద తెల్లగా ఉప్పు పూసినా తిరిగి ఇచ్చేయండి. పొడిగా ఉంటే కడిగి, ఎండలో బోర్లించి, ఆరాక కాయ కలపండి.

ఇక్కడ పచ్చిమామిడి అన్నివేళలా దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి దగ్గరి టె పుకే తోటల్లో కోసిన కివీ కాయ రాయిలా గట్టిగా, పుల్లగా ఉంటుంది. నూగు గీకేసి, తుడిచి, ముక్కలు చేసి, ఆవపిండి, ఉప్పు, కారం, నువ్వులనూనెతో మేం ఆ జాడీలో కలుపుతున్నాం. మామిడికన్నా త్వరగా మెత్తబడుతుంది, కాబట్టి ఉప్పు ఒక పిడికెడు ఎక్కువ వేసుకోండి.